వదినకు వేసిన ఎర

అంకె కదలడం లేదు. ఇన్ని వేల వరసలు వచ్చాయని తెర కింది మూలన చూపించే ఆ అంకె, కాసేపటి క్రితం ఎక్కడ ఆగిందో అక్కడే మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. రానీ, తొందరేముంది అనుకుంది ఆమె, అనుకుంటూనే కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది. ఇంకో గంటలో పెద్దసారు గదిలోకి వెళ్ళి ఒక పేరు చెప్పాలి. పేరు పొద్దుటి నుంచే సిద్ధంగా ఉంది. వదిన పేరు. సొంత అన్నయ్య భార్య, ఒకే ఇంట్లో ఉండే మనిషి, తను చెప్పి ఇప్పించిన ఉద్యోగం, నాలుగు బల్లల అవతల కూర్చుని మా చెప్పులు కొనండని లోకానికంతా తియ్యతియ్యగా మెయిళ్ళు రాసే వదిన. ఇక్కణ్ణుంచి చూస్తే ఆవిడ జుట్టుముడి, అందులో గుచ్చిన పెన్సిలు తప్ప ఇంకేం కనిపించవు. ఆ పెన్సిలు ఇవాళ ఊరికే ఊగుతోంది. ఎందుకంత ఊపు, ఏం రాస్తోంది, ఎవరికి రాస్తోంది? ఫోన్ బోర్లా పెట్టుకుంది చూడు. మామూలుగా వెల్లకిలా పెట్టుకునే మనిషి. నాలుక తనంతట తను దవడ చివర ఖాళీలోకి వెళ్ళి వచ్చింది. పన్ను పీకించుకున్న చోటు మానింది గానీ నాలుకకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు, రోజుకు వందసార్లు వెళ్ళి ఆరా తీసి వస్తుంది.

ఈ చెప్పుల కంపెనీకి ఆస్తంటూ ఏదైనా ఉందంటే గిడ్డంగిలో పేర్చిన పెట్టెలు కావు, ఆ లిస్టు. మాకు మెయిల్ పంపండి, చూస్తాం అని తమంతట తాము ఒప్పుకున్న మనుషుల చిరునామాలు. ఎవరికి ఏ సైజు, ఎవరు తోలు చెప్పులు తప్ప తొడగరు, ఎవరు మెయిల్ తెరిచి చూసి ఊరుకుంటారు, ఎవరు బొమ్మ మీద నొక్కి లోపలిదాకా వస్తారు, ఎవరు ఇక పంపొద్దని కసిరారు, అన్నీ అందులో ఉంటాయి. అలాంటిది రెండు వారాలుగా కారిపోతోంది. మా దగ్గర కొన్నవాళ్ళకు, సరిగ్గా వాళ్ళ సైజు రాసి మరీ, ఎదుటి కంపెనీ వాళ్ళ మెయిళ్ళు వెళ్తున్నాయి. ఒకావిడ ఫోన్ చేసి, నా పాదం కొలత మీరు ఎవరెవరికి చెప్పారు అని నిలదీసింది. పెద్దసారు ఆ రోజు నుంచి ఎవరితో మాట్లాడినా తలుపు వేసి మాట్లాడుతున్నారు. ఎదుటి కంపెనీ అంటే ఎవరో కాదు, పోయిన నెల అన్నయ్య చేరిన కంపెనీ. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు, వదిన చెప్పలేదు. వదిన ఎందుకు చెప్పలేదో ఆమెకు బాగా తెలుసు. తను ఎందుకు చెప్పలేదో మాత్రం అంతగా ఆలోచించలేదు.

అంకె కదిలింది. ఒక వెయ్యి వచ్చి పడ్డాయి, మళ్ళీ ఆగింది. మెయిళ్ళు పంపిపెట్టే ఆ బయటి సంస్థ ఇలాగే ఇస్తుంది, వెయ్యి ఇచ్చి కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది, అడిగేవాడి ఓపిక ఎంతో చూస్తుంది. దాని భాష వేరు, ఆమె రాసిన ప్రోగ్రాం భాష వేరు. ఆ ప్రోగ్రాంకు కిటికీ అని పేరు పెట్టుకుంది, అందరూ అందులోంచే తొంగి చూడాలి కనక. కిటికీకి తెలిసిందల్లా టేబుళ్ళు, వరసలు, ఫలానా వరస ఇవ్వు అని అడగడం. అవతలివాళ్ళకు ఆ అడగడం అర్థం కాదు. మధ్యలో డ్రైవర్ ఉంటుంది. మొదట్లో, మంచి డ్రైవర్ దొరికింది, ఇక పని సాఫీగా సాగుతుంది అని ఇంట్లో సంబరంగా చెబితే, కారెప్పుడు కొన్నావే అని అన్నయ్య నోరెళ్ళబెట్టాడు. బండి తోలేది కాదు అన్నయ్యా, ఇదొక దుబాసీ అని చెప్పింది. ఇటు ప్రశ్న అటు భాషలో చెబుతుంది, అటు జవాబు ఇటు భాషలో చెబుతుంది. సొంత మాట ఒక్కటీ కలపదు. అబద్ధం చెప్పదు, అడగనిది చెప్పదు. అప్పుడు వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ, "అయితే దాంతో కాపురం సుఖమే" అంది. అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ మాటలో ఏదో ఉంది. ఆవిడ మాటలన్నిటిలోనూ ఏదో ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆ ఏదో ఏమిటో పట్టుకోవాలనే ఆమె ప్రయత్నం.

పట్టుకోవడానికి వీలు పెద్దసారే కల్పించారు. మూడు నెలల కిందట, లిస్టు ఇంకా కారకముందే, ముందుజాగ్రత్తగా గొంతు తగ్గించి చెప్పారు. కిటికీలోంచి ఎవరు లిస్టు దింపుకున్నా, ఆ మనిషి కాపీలో మాత్రం ఒక దొంగ వరస కలవాలి. లేని మనిషి, కానీ చిరునామా నిజంగా పనిచెయ్యాలి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి పెట్టకూడదు. రేపు ఆ లేని మనిషికి ఎదుటి కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందంటే, ఎవరి కాపీ బయటికి పోయిందో అదే చెబుతుంది. ఈ వ్యాపారంలో ఇది అందరూ చేసేదే, కొత్తేం కాదు. "మీ వదినగారికి కూడా పెట్టండి" అన్నారు పెద్దసారు. "ఇంట్లో మనిషి కదా అని మొహమాటపడకండి." ఆమె మొహమాటపడలేదు. అందరికన్నా ముందు వదినకే పెట్టింది. పెడుతున్నప్పుడు సంతోషం కూడా కలిగింది, కాదనడం దేనికి? దొంగ చిరునామాలు ఎక్కడా రాసుకోకూడదని సారు షరతు. రాసుకోకుండా గుర్తుండాలంటే పేర్లలోనే గుర్తు ఉండాలి. గోదాములో లెక్కలు చూసే ఆయన మెట్లెక్కడానికి అరపూట తీసుకుంటాడు, ఆయన కాపీలోని లేని మనిషికి తాబేలు అని పెట్టింది. అమ్మకాలాయన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది, ఆయనకు డప్పు. ఇలాంటి వింత పేర్లతో మెయిల్ పెట్టుకునేవాళ్ళు లిస్టులో బోలెడు మంది ఉన్నారు, ఎవరికీ అనుమానం రాదు. వదినకు ఏం పెట్టాలా అని క్షణం కూడా ఆలోచించలేదు. కందిరీగ. పెళ్ళయిన కొత్తలో వదిన ఏదో మాటకు చురుక్కుమనిపిస్తే అన్నయ్య పెట్టిన పేరు అది. ఇంట్లో ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పెట్టి, తనలో తను నవ్వుకుంది.

ఇవాళ పొద్దున కందిరీగకు మెయిల్ వచ్చింది. ఎదుటి కంపెనీ విడతల వారీగా పంపుతున్నవాటిలోదే, సైజుతో సహా. తాబేలుకు రాలేదు, డప్పుకు రాలేదు. చూడగానే ఆమెకు గుండె గుభేలుమనలేదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నాళ్ళకు, అనిపించింది.

"ఏమ్మా, టీకి రావా?"

ఆమె ఉలిక్కిపడి తెరను కిందికి వంచింది. వదిన పక్కనే ఉంది, ఎప్పుడు లేచి వచ్చిందో. రెండు గ్లాసులు చేతిలో. ఎప్పుడూ ఇంతే, చెప్పుల కంపెనీలో పనిచేస్తూ చెప్పుల చప్పుడు రాకుండా నడుస్తుంది.

"పనుంది వదినా. నువ్వు తాగు."

"పొద్దున్నుంచి ఏం తినలేదు. మొహం చూడు ఎలా ఉందో." గ్లాసు బల్ల మీద పెట్టింది. వంచిన తెర వంక ఒక్కసారి చూసింది, ఒక్కసారే. "పన్ను నొప్పా?"

"లేదు, మానిపోయింది."

"ఎడమవైపు నమలకు మరి" అని వెళ్ళిపోయింది. తెర వంక ఎందుకు చూసింది? చూసి ఎందుకు అడగలేదు? మామూలు మనిషైతే, ఏంటమ్మా దాస్తున్నావు అని నవ్వుతూనైనా అడగదా? అడగలేదంటే తెలిసే ఉండాలి. ఆమె తెర పైకెత్తింది. అంకె ఈలోగా చాలా దూరం వెళ్ళిపోయింది.

లెక్కలన్నీ సరిపోతున్నాయి. రెండు వారాల కిందట టీ దగ్గర, అందరూ వెళ్ళిపోయాక, వదిన గ్లాసు అంచు తుడుస్తూ అడిగింది. మీ కిటికీలో ఎవరు ఎప్పుడు దింపారో తెలుస్తుందా? ఆమె అప్పుడే మనసులో ఒక ముడి వేసుకుంది. తెలుస్తుంది వదినా, ఎవరి పేరుతో, ఏ కంప్యూటర్ నుంచి, అన్నీ తెలుస్తాయి, ఎందుకు? ఊరికే. ఊరికేనట. ఆవిడ జీవితంలో ఏదీ ఊరికే అడిగింది లేదు. దానికి కొంచెం ముందు, ఒక సోమవారం పొద్దున్నే వచ్చి నా పాస్‌వర్డ్ మార్చాలి, ఎలా అంది. మూడేళ్ళుగా అదే పాస్‌వర్డ్. హఠాత్తుగా ఎందుకు? గుర్తుండట్లేదమ్మా అంది. గుర్తుండనిది మూడేళ్ళ పాతదా, కొత్తదా? ఇక అన్నయ్యకు ఉద్యోగం వచ్చిన రోజు. ఏడాదిన్నర ఖాళీగా ఉన్న మనిషి, పొద్దున్నే బట్టలు ఇస్త్రీ చేసుకుని ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చున్న మనిషి, ఆ సాయంత్రం ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. నన్ను చూసి కాదు, నా బుర్ర చూసి ఇచ్చారన్నాడు. మార్కెట్ గురించి నాకున్న అవగాహన వాళ్ళలో ఒక్కడికి లేదన్నాడు. ఆమె చప్పట్లు కొట్టింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నయ్య అంటే అన్నయ్యే. చిన్నప్పుడు ఆమె పోగొట్టిన గొడుక్కి తను దెబ్బలు తిన్నవాడు. వదిన మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఆయన చొక్కా హ్యాంగరుకు తగిలించింది. మొగుడికి ఉద్యోగం వస్తే మొహం అలా పెట్టుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఇంట్లో తనొక్కతే సంపాదిస్తున్నానన్న గొప్ప పోతుందని బాధ. అలా అనుకుంది ఆమె ఆ రోజు.

కాబట్టి జరిగింది ఇది. వదిన లిస్టు దింపింది, అన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన్ను అక్కడ నిలబెట్టడానికో, నా వల్లే నిలబడ్డావని రేపు సాధించడానికో. అన్నయ్య అమాయకుడు, ఎవరేది ఇస్తే అది పుచ్చుకుంటాడు. ఎక్కడిదని అడిగే బుద్ధి కూడా ఉండదు. ఎవరు ఎప్పుడు దింపారో కిటికీ తనంతట తను రాసుకునే లాగ్‌లో వదిన పేరు స్పష్టంగా ఉంది, ఆదివారం, ఇంటి కంప్యూటర్ నుంచి, లిస్టు మొత్తం. సెలవు రోజున ఇంట్లో కూర్చుని మొత్తం లిస్టుతో ఏం పని? పెద్దసారుకు అన్నయ్య సంగతి చెప్పక్కర్లేదు. వదిన పేరు చెబితే చాలు. ఉద్యోగం పోతుంది, పోతే ఇంట్లో ఉంటుంది, అన్నయ్య ఎలాగూ సంపాదిస్తున్నాడు. బయట మాత్రం పేరు పోతుంది. లిస్టు అమ్ముకున్న మనిషిని ఈ పనిలో మళ్ళీ ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. అది కూడా ఆలోచించింది. ఆలోచించి, చేసుకున్నదానికి మనమేం చేస్తాం అనుకుంది.

అయినా సారు ఊరికే నమ్మరు. ఆధారం ఒక్కటి కాదు, నాలుగు కావాలంటారు. అందుకే దుబాసీని ఈ గంట ఇంత పెద్ద ప్రశ్న అడిగింది. మూడు నెలలుగా కంపెనీ నుంచి ఏ మెయిల్ ఎవరెవరికి వెళ్ళిందో, ప్రతి వరసా. లిస్టు దింపుకున్నవాళ్ళు దాన్ని ఏరుకుని, ఆ బయటి సంస్థలోకి మళ్ళీ ఎక్కించి, మెయిళ్ళు పంపుతారు. అంటే వాళ్ళ కాపీలోని దొంగ వరస కూడా వాళ్ళకు తెలియకుండా వాళ్ళ మెయిళ్ళలో తిరుగుతూ ఉంటుంది. ఆమె ఇన్నాళ్ళూ దొంగ చిరునామాల మెయిల్ పెట్టెల్లో బయటివాళ్ళ మెయిళ్ళు వచ్చాయా అనే చూసింది. మన సొంత మెయిళ్ళు కనబడకుండా ఒక పక్కకు తోసేసేలా పెట్టుకుంది, చదవడం విసుగని. ఇప్పుడు సారు ముందు వరసగా పేర్చి చూపించాలి. ఇదిగో ఈయన కాపీ ఇలా తిరిగింది, ఈవిడ కాపీ ఇలా తిరిగింది, ఇదొక్కటే బయటికి పోయింది అని.

అంకె ఆగింది. అయిపోయింది. తాబేలుకు ఎన్ని మెయిళ్ళు వెళ్ళాయి అని అడిగింది. పంతొమ్మిది. డప్పుకు? ఆయన అడ్డూ ఆపూ లేకుండా పంపుతాడు, నలభైకి పైనే. కందిరీగకు?

ఖాళీ వచ్చింది.

మళ్ళీ అడిగింది. మళ్ళీ ఖాళీ. అందరికన్నా ఎక్కువ మెయిళ్ళు పంపేది వదిన, అది ఆవిడ పనే కదా. అలాంటిది ఆవిడ కాపీలో మొదటి రోజు నుంచి ఉన్న కందిరీగకు ఒక్కటంటే ఒక్కటి వెళ్ళలేదు. ఎక్కించినప్పుడు పడిపోయిందేమో అని చూసింది. పడలేదు. ప్రతిసారీ, ఎక్కించే ముందే, ఆ ఒక్క వరసను చేత్తో తీసేశారు. మొదటిసారి నుంచీ. తెలుసు. వదినకు తెలుసు. ఎందుకు తెలియదు, ఆ పేరు చూస్తే తెలియదా? డప్పుకు తను డప్పని తెలియదు, తాబేలుకు తెలియదు, ప్రపంచంలో ఎర మీద తన పేరు తను చదువుకోగలిగినది కందిరీగ ఒక్కతే. వదిన లిస్టును వరస వరసా చదువుతుందని ఆమెకు తెలియంది కాదు. మనిషెవరో తెలియకుండా ఉత్తరం ఎలా రాస్తామమ్మా అంటుంది. తెలిసి తెలిసి అంత తెలివితక్కువ పని ఎలా చేసింది తను? చేసి, నవ్వుకుంది కూడాను.

అబ్బ, ఎంత గుండె ధైర్యం, అని ముందు అనిపించింది. అంతా తెలిసి, పొద్దున్నే ఎదురుగా కూర్చుని కాఫీ ఇచ్చి, చాప కింద నీరులా. చూశారా సార్, ముందే కనిపెట్టింది, కనిపెట్టి దాన్ని తీసేసి జాగ్రత్తగా... ఇక్కడ ఆలోచన ఆగింది. అదే నిజమైతే దొంగతనంగా బయటికి పంపిన కాపీలోంచి కూడా తీసేసేది కదా. ఆ మాటకొస్తే అందులోంచే ముందు తీసేసేది. ఉత్త చెప్పుల మెయిళ్ళలోంచి ప్రతిసారీ ఏరిపారేసిన మనిషి, అసలు జాగ్రత్తపడాల్సిన చోట వదిలేస్తుందా? ఆమె ఆ ప్రశ్నను అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఎలాగైనా వదిన మీదికి వంచుదామని చూసింది. వంగలేదు. ఆ కాపీ దింపింది ఆ పేరు చూడనివాళ్ళు. చూసినా పట్టించుకోనివాళ్ళు. లిస్టు అంటే మనుషులని కాక బస్తా అని అనుకునేవాళ్ళు.

ఏ ఆదివారం? లాగ్ మళ్ళీ తెరిచింది. పొద్దున ఆదివారం అన్న మాట చూడగానే కడుపు నిండిపోయి తేదీ చూడలేదు. నాలుక దవడలోకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగింది. ఆదివారం కాబట్టే ఎప్పుడూ చూపించుకునే పళ్ళ డాక్టరు లేడు. మొహం ఒకవైపు వాచిపోయి, ఆమె మంచం మీద దొర్లుతుంటే వదినే ఎవరెవరికో ఫోన్లు చేసి, తెరిచి ఉన్న క్లినిక్ వెతికి, ఊరి ఆ చివరికి తీసుకెళ్ళింది. నువ్వు కూడా రా అన్నయ్యా అంటే, నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. మధ్యాహ్నమంతా అక్కడే. గోడ మీద పెద్ద పన్ను బొమ్మ, పక్క కుర్చీలో ఏడ్చే పిల్లాడు, మొద్దుబారిన పెదవి. సూది గుచ్చినప్పుడు ఆమె వదిన చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, బయటికి వచ్చాక చూస్తే గోళ్ళు దిగిన గుర్తులున్నాయి. పర్లేదులే అంది వదిన, గాజులు వెనక్కి తోసుకుంటూ. లాగ్‌లో ఉన్న సమయం ఆ మధ్యాహ్నమే. ఇంటి కంప్యూటర్. ముందుగదిలో అందరూ వాడేది. వదిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టలేక అవస్థ పడుతుంటే, గుర్తుపెట్టుకో అన్న గడిలో టిక్కు పెట్టింది తనే.

వదిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కంప్యూటర్‌లో దింపి ఉన్న లిస్టు చూసి ఉంటుంది. తెల్లారి సోమవారం. పాస్‌వర్డ్ మార్చాలి, ఎలా? ఆ తర్వాత, టీ దగ్గర, గ్లాసు అంచు తుడుస్తూ. ఎవరు దింపారో తెలుస్తుందా? ఎర పోయిందని తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు మెయిల్ వస్తుందని తెలుసు. వస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా తెలుసు. ఇన్నాళ్ళూ ఆ పెన్సిలు గుచ్చుకుని నాలుగు బల్లల అవతల దాని కోసమే కూర్చుంది. మరి ఆ రోజు చొక్కా హ్యాంగరుకు తగిలిస్తూ మాట్లాడలేదంటే, మొగుడి బుర్ర చూసి ఉద్యోగం ఇచ్చారన్న మాట ఆవిడ అప్పుడే నమ్మలేదన్నమాట. నమ్మింది తనొక్కతే. చప్పట్లు కొట్టి మరీ. అన్నయ్యా, అనుకుంది ఆమె. పైకి అనలేదు గానీ గొంతు దాకా వచ్చింది. అన్నయ్యా, నన్ను డాక్టరు దగ్గరికి పంపేసి, అంతసేపూ నువ్వు. ఏడుపు రావాలి, రాలేదు, ముందు కోపం వచ్చింది. ఆ కోపం కూడా అలవాటు కొద్దీ వదిన వైపే బయల్దేరింది. చూసి ఎందుకు చెప్పలేదు, ఒక్క మాట చెబితే ఏం పోయేది? దాన్ని మధ్యలో పట్టి ఆపడానికి ఆమెకు చాలా కష్టమైంది.

టీ మీద మీగడ కట్టింది. గోడ గడియారం చూసి లేచింది. కంప్యూటర్ చంకలో పెట్టుకుని నడుస్తుంటే, నీళ్ళ మర దగ్గర వదిన నిలబడి ఉంది. గ్లాసు నిండి పొంగుతోంది, చూసుకోవడం లేదు.

"వచ్చిందా మెయిల్?" అంది వదిన.

ఆమె కుళాయి కట్టేసింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏది? నువ్వు పెట్టిన పేరా, మీ అన్నయ్య చేసిన పనా?"

"రెండూ."

"పేరు నువ్వు పెట్టిన రోజే చూశా. నవ్వొచ్చింది ముందు. తర్వాత రాలేదు." వదిన గ్లాసులో నీళ్ళు సగం ఒంపేసింది. "ఆయన సంగతి నీ పన్ను పీకించిన రోజు."

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా వదినా, ఎందుకు పెట్టావని."

"నువ్వు నన్ను అడిగావా?"

అద్దాల గదిలో పెద్దసారు చెయ్యి ఊపి పిలుస్తున్నారు.

"చూడు," అంది వదిన, గొంతు బాగా తగ్గించి. "లోపలికెళ్ళి నా పేరే చెప్పు. ఏడాదిన్నర తర్వాత మనిషి మళ్ళీ తలెత్తుకుని తిరుగుతున్నాడు. ఈ ఉద్యోగం కూడా పోయిందంటే ఇంట్లో ఆయన్ని నేను చూడలేను, నువ్వూ చూడలేవు. నా పేరు చెప్పు. మొదట్నుంచీ నువ్వు అనుకుంటున్నదే కదా, నీకేం కష్టం ఉండదు."

అందులో దెప్పిపొడుపు లేదు. పదకొండేళ్ళుగా వదిన మాటల్లో వెతికిన ఆ ఏదో, ఇప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. ఉన్నదున్నట్టు చెబుతోంది, అంతే. ఆమె చంకలో కంప్యూటర్ సర్దుకుని అద్దాల గది వైపు నడిచింది.

పెద్దసారు తలుపు వేశారు. కూర్చోమనలేదు, ఆయనే కూర్చోలేదు. "మీ వదినగారేనా?" అన్నారు. "నాకు మొదటి నుంచీ అనుమానమే. చురుకైన మనిషి, ఎక్కువ మాట్లాడదు. మీకు ఇబ్బందే, తెలుసు. అవునని తలూపండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

తలూపితే చాలు. ఇంత సులువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. అన్నయ్య పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దంలో చూసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళాడు. గొడుగు పోయిన రోజు, వాన వెలిసాక, నేనే పోగొట్టానమ్మా అని చెప్పి చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ పిల్లాడు ఎక్కడికి పోయాడు? ఇప్పుడు తన బదులు ఇంకొకరు చెయ్యి చాపి నిలబడితే చూస్తూ ఈల వేస్తాడా? వేస్తాడు. అలా వేసేలా అతన్ని చేసినదాంట్లో తన చప్పట్లు కూడా ఉన్నాయి.

"కాదండీ" అంది.

"కాదా? మరి?"

"మా అన్నయ్య. ఆయన ఎదుటి కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇంటి కంప్యూటర్‌లో వదిన పేరు మీద ఆయనే దింపాడు." కంప్యూటర్ తెరిచి బల్ల మీద ఆయన వైపు తిప్పింది.

పెద్దసారు తెర వంక చూడలేదు, ఆమె వంకే చూశారు. కళ్ళు చిన్నవి చేసుకుని, తలుపు అవతల ఎవరైనా విన్నారేమో అన్నట్టు ఒకసారి అటు చూసి, మళ్ళీ ఆమె వంక. ఆ చూపు ఆమెకు బాగా తెలిసినదే. అద్దంలో రోజూ చూసుకునేది.

"ఇంట్లోవాళ్ళు కలిసి చేసి ఉండొచ్చుగా" అన్నారు. "ఆవిడకు తెలియకుండా జరిగిందని మీకెలా తెలుసు? ఆ పూట ఆవిడ ఎక్కడుందో మీరు చూశారా?"

నాలుక మళ్ళీ ఆ ఖాళీలోకి వెళ్ళింది. అద్దం అవతల, నీళ్ళ మర దగ్గర, వదిన సగం నీళ్ళున్న గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"చూశానండీ" అంది ఆమె. "నేను తన కాపీలో ఎర పెట్టానని తెలిసి కూడా, ఆ పూటంతా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది."